పాత కారు మొరాయిస్తే: పరీక్ష ముందు, విడిభాగం తరువాత



ఈ పుస్తకంలో మీరు సాధారణంగా కోర్సుల వివరాలు, ఫీజులు, దరఖాస్తు తేదీలు చదువుతుంటారు. ఈసారి నేను పాత కార్ల ఇంజనులో, కరెంటు వైరింగులో వచ్చే లోపాలను ఎలా కనిపెట్టాలో వివరిస్తాను. బీదర్‌లో పాలిటెక్నిక్ విద్యార్థులకు ఆటోమొబైల్ పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇప్పటికీ పిల్లలు బండి బానెట్ ఎత్తి నన్ను పిలుస్తుంటారు.

"కారు లేనివాళ్ళకు ఈ వ్యాసం ఎందుకు?" అని కొందరు తల్లిదండ్రులకు అనిపించవచ్చు. లోపం ఎక్కడుందో తెలియకుండా సామాను మార్చడం వల్ల ఇంట్లో డబ్బు ఎలా పోతుందో, పరీక్షించి తెలుసుకుంటే ఎంత మిగులుతుందో ఇందులో కనిపిస్తుంది. మోటారు పంపు సెట్టుకూ, ఇన్వర్టరుకూ, ట్రాక్టరుకూ ఇదే పద్ధతి. విద్యార్థులకైతే తరగతిలో చదివిన ఓమ్ నియమం చేతికి అందేది ఇక్కడే.

1. మన ప్రాంతం, మన పాత బండ్లు

1956 వరకు బీదర్ హైదరాబాద్ రాష్ట్రంలో ఒక జిల్లా. నిజాం రాష్ట్ర రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగాన్ని ప్రారంభించింది. ఆరవ నిజాం ఆర్డరు చేసిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారును హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నేటికీ చూడవచ్చు. అది రాజుల సంగతి. మన ఇళ్ళలో మిగిలిన పాత బండ్లు ఎక్కువగా మూడు రకాలు: అంబాసిడర్, ఫియట్ (తరువాత ప్రీమియర్ పద్మిని), విల్లీస్ వంశానికి చెందిన మహీంద్రా జీపు.

అంబాసిడర్ తయారీ 1957లో మొదలై 2014లో ఆగిపోయింది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దానికి మూలం. ఎక్కువ కాలం వచ్చిన పెట్రోలు ఇంజను 1489 సీసీ. పద్మిని ఇంజను 1089 సీసీ. ఈ బండ్లలో కంప్యూటర్ లేదు, సెన్సార్లు లేవు. ప్రతి భాగాన్నీ కంటితో చూడవచ్చు, చేతితో విప్పవచ్చు, పది రూపాయల బల్బుతో పరీక్షించవచ్చు. అందుకే నేర్చుకునేవారికి పాత కారును మించిన పాఠ్యపుస్తకం లేదంటాను.

2. ఇంజనుకు కావలసినవి నాలుగే

పెట్రోలు ఇంజను నడవడానికి నాలుగు కావాలి. ఒకటి, సిలిండరులో తగినంత ఒత్తిడి, అంటే కంప్రెషన్. రెండు, సరైన పాళ్ళలో గాలి, పెట్రోలు. మూడు, బలమైన నిప్పురవ్వ, అంటే స్పార్క్. నాలుగు, ఆ రవ్వ సరైన సమయానికి పడడం, అంటే టైమింగ్. బండి స్టార్ట్ కాలేదంటే ఈ నాలుగింటిలో ఏదో ఒకటి లేదు. ఏది లేదో తేల్చాకే పానా పట్టుకోవాలి.

మన నౌబాద్ దగ్గర బహమనీల కాలం నాటి భూగర్భ నీటి సొరంగం ఉంది. కరేజ్ అంటారు. సొరంగం పొడవునా బావుల్లాంటి నిలువు గోతులు ఉంటాయి. నీరు చివరికి రావడం లేదనుకోండి, సొరంగమంతా తవ్వరు. మధ్యలో ఒక గోతిలోకి తొంగి చూస్తారు. అక్కడ నీరుంటే అడ్డు దానికి కిందివైపు ఉంది. లేకపోతే పైవైపు ఉంది. మిగిలిన సగంలో మళ్ళీ మధ్య గోతిలో చూస్తారు. వైరింగులో లోపం వెతకడం కూడా సరిగ్గా ఇంతే. బ్యాటరీ నుంచి ప్లగ్గు దాకా ఉన్న దారిలో మధ్యలో కొలిచి, ప్రతిసారీ సగం దారిని పక్కన పెట్టండి.

3. చెయ్యి పెట్టే ముందు జాగ్రత్తలు

ఉంగరం, ఇనుప గొలుసు ఉన్న వాచీ తీసివేయండి. పానా ఒక వైపు బ్యాటరీకి, మరో వైపు బాడీకి తగిలితే క్షణంలో ఎర్రగా కాలుతుంది. చార్జింగు సమయంలో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది కనుక దగ్గర అగ్గిపుల్ల, బీడీ పనికిరావు. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు ఎర్త్ తీగ విప్పాలి, బిగించేటప్పుడు అదే చివర బిగించాలి. ఇంగ్లండు పద్ధతి వైరింగు ఉన్న కొన్ని పాత బండ్లలో పాజిటివ్ తీగ బాడీకి కలిసి ఉంటుంది. కొత్త బ్యాటరీ పెట్టే ముందు ఏది ఎర్తో చూసుకోండి.

పెట్రోలు పరీక్ష, స్పార్క్ పరీక్ష ఒకేసారి చేయకూడదు. మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తెరవకూడదు. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు లాగి ఉండాలి.

సామాను పెద్దగా అక్కర్లేదు. ఒక సాధారణ మల్టీమీటర్, రెండు తీగలతో 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్, ఫీలర్ గేజ్, సన్నని గరుకు కాగితం, ఒక పాత ప్లగ్గు, ఒక నోటు పుస్తకం చాలు.

4. సెల్ఫ్ సరిగా తిరగకపోతే

తాళం తిప్పితే "టక్" అని శబ్దం వచ్చి ఆగిపోవడం, లేదా సెల్ఫ్ నీరసంగా తిరగడం పాత బండ్లలో తరచు వచ్చే ఫిర్యాదు. చాలామంది వెంటనే బ్యాటరీ మార్చేస్తారు. ముందు కొలవండి.

బండి కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక బ్యాటరీ మొనల మధ్య 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 ఉంటే సుమారు సగం. 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. తరువాత మరొకరిని సెల్ఫ్ కొట్టమని, ఆ సమయంలో మళ్ళీ కొలవండి. 10 వోల్టులకు అటూ ఇటూ నిలబడితే బ్యాటరీ బాగానే ఉంది. 8కి, 7కి పడిపోతే బ్యాటరీని అనుమానించాలి.

బ్యాటరీ నిలబడింది, అయినా సెల్ఫ్ నీరసంగా ఉంది. అప్పుడు వోల్టేజి దారిలో ఎక్కడో పోతోంది. ఇక్కడే ఓమ్ నియమం పనికి వస్తుంది. సెల్ఫ్ మోటారు సుమారు 150 ఆంపియర్లు లాగుతుందనుకోండి. తుప్పు పట్టిన ఒక జాయింటులో ఒక ఓమ్‌లో నూరో వంతు అడ్డు ఉన్నా, 150ని 0.01తో గుణిస్తే 1.5 వోల్టులు అక్కడే ఖర్చవుతాయి. అదే జాయింటు గుండా టెస్ట్ ల్యాంప్ వెలిగిస్తే చక్కగా వెలుగుతుంది. ల్యాంప్ లాగేది ఒకటి రెండు ఆంపియర్లే కనుక అక్కడ పోయే వోల్టేజి లెక్కలోకి రాదు. "బల్బు వెలిగింది, వైరు బాగుంది" అనే మాట సెల్ఫ్ విషయంలో చెల్లదు. భారం పడినప్పుడు కొలిస్తేనే నిజం బయటపడుతుంది.

కొలిచే పద్ధతి ఇది. మీటరు ఒక మొనను బ్యాటరీ ఎర్త్ మొనకు, రెండోదాన్ని ఇంజను ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టండి. మీటరు 0.2, 0.3 వోల్టుల వరకు చూపితే ఫరవాలేదు. అర వోల్టు దాటితే ఎర్త్ దారి బాగాలేదు. ఇంజను రబ్బరు మౌంటుల మీద కూర్చుంటుంది. రబ్బరు గుండా కరెంటు పోదు కాబట్టి ఇంజనుకూ బాడీకీ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది. ఇంజను దింపి ఎక్కించినప్పుడో, బాడీకి రంగు వేసినప్పుడో ఈ పట్టీని మరచిపోతారు, లేదా రంగు మీదే బిగిస్తారు. అప్పుడు కరెంటు వేరే దారి వెతుక్కుని చోక్ తీగ, యాక్సిలరేటర్ తీగ గుండా వెళుతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు చోక్ తీగ వేడెక్కుతోందంటే ఎర్త్ పట్టీ వైపు చూడండి.

5. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు

ఇప్పుడు ప్రశ్న ఒక్కటే: రవ్వ లేదా, పెట్రోలు లేదా?

పాత ప్లగ్గును ప్లగ్ వైరుకు తగిలించి, దాని ఇనుప భాగాన్ని ఇంజనుకు గట్టిగా ఆనేలా క్లిప్పు పెట్టి సెల్ఫ్ కొట్టించండి. చేతితో పట్టుకోవద్దు. నీలిరంగు రవ్వ చిటపట శబ్దంతో వస్తే కరెంటు వైపు బాగుంది. సన్నగా, పసుపుగా వస్తే బలం చాలడం లేదు. అసలు రాకపోతే కాయిల్ నుంచి డెల్కో మధ్యకు వచ్చే లావు వైరు దగ్గర చూడండి. అక్కడ రవ్వ ఉండి ప్లగ్గు దగ్గర లేదంటే లోపం డెల్కో మూతలోనో, రోటరులోనో ఉంది. మూతలో వెంట్రుకలాంటి నల్లని గీత కనిపిస్తే అది పగులు. వర్షాకాలంలో ఆ గీత గుండానే కరెంటు జారిపోతుంది.

లావు వైరు దగ్గరే రవ్వ లేదంటే డెల్కో లోపలి పాయింట్లు చూడాలి. 1489 సీసీ అంబాసిడర్ ఇంజనులో పాయింట్ల మధ్య ఎడం సుమారు 0.38 మిల్లీమీటర్లు, ప్లగ్గు మొనల మధ్య ఎడం సుమారు 0.6 మిల్లీమీటర్లు. పాయింట్ల మీద నూనె, మసి, గుంటలు ఉండకూడదు. తాళం తిప్పి, పాయింట్లు మూసి ఉన్నప్పుడు కాయిల్‌కు వచ్చే వైరు దగ్గర కొలవండి. బ్యాటరీ వోల్టేజికి దాదాపు సమానంగా ఉండాలి.

పి.యు.సి. విద్యార్థులకు ఒక చిన్న లెక్క. పాత కాయిల్ ప్రాథమిక చుట్టల నిరోధం సుమారు 3 ఓమ్‌లు. 12 వోల్టులు వస్తే 4 ఆంపియర్లు ప్రవహిస్తాయి. తాళం స్విచ్చిలో, ఫ్యూజు జాయింటులో 3 వోల్టులు పోయి 9 మాత్రమే వస్తే 3 ఆంపియర్లే ప్రవహిస్తాయి. కాయిల్‌లో నిల్వ ఉండే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. 16 ఉండవలసిన చోట 9 అన్నమాట. వోల్టేజి నాలుగో వంతే తగ్గినా, రవ్వ బలం దాదాపు సగానికి పడిపోయింది. "మొన్నటిదాకా బాగానే ఉంది, చలికాలం వచ్చేసరికి స్టార్ట్ కావడం లేదు" అనే ఫిర్యాదు వెనుక చాలాసార్లు ఈ లెక్కే ఉంటుంది.

రవ్వ బాగుండి ఇంజను అందుకోకపోతే పెట్రోలు వైపు వెళ్ళండి. ముందు కాయిల్ సన్న వైరు విప్పి రవ్వ రాకుండా చేయండి. పంపు నుంచి కార్బొరేటర్‌కు వెళ్ళే గొట్టం విప్పి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించండి. పెట్రోలు చిమ్ముతూ పడాలి. పడకపోతే ఫిల్టర్ గిన్నె, పంపు డయాఫ్రమ్, ట్యాంకు గొట్టం వరుసగా చూడండి. మన బీదర్ ఎర్రమట్టి దుమ్ము ఎయిర్ ఫిల్టరునూ త్వరగా నింపేస్తుంది. ఫిల్టరు మూసుకుపోతే గాలి తగ్గి, పెట్రోలు పాలు పెరిగి, ప్లగ్గులు పొడి మసితో నల్లబడతాయి. ప్లగ్గు మొన లేత గోధుమ రంగులో ఉంటే మంచిది. తెల్లగా ఉంటే గాలి ఎక్కువ లేదా వేడి ఎక్కువ. నూనె జిడ్డుగా ఉంటే ఇంజను ఆయిల్ పైకి వస్తోంది.

రవ్వ, పెట్రోలు రెండూ ఉండి ఇంజను మిస్సింగ్ కొడుతుంటే ప్లగ్ వైర్ల వరుస చూడండి. ఈ రెండు ఇంజన్లలోనూ మంట వరుస 1, 3, 4, 2. రెండు వైర్లు తారుమారైతే ఎంత ట్యూనింగ్ చేసినా ప్రయోజనం లేదు. వరుస సరిగ్గా ఉంటే కంప్రెషన్ గేజ్ పెట్టండి. నాలుగు సిలిండర్ల అంకెలూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి బాగా తగ్గితే, అందులో ఒక చెంచా ఇంజను ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. అంకె పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్‌లో లోపం. ఒక్క చెంచా నూనెతో ఇంజను పైభాగం విప్పాలో, కిందిభాగం విప్పాలో తేలిపోతుంది.

6. వేడెక్కాక ఆగిపోయే బండి

అన్నిటికంటే మోసం చేసే లోపం ఇది. చల్లగా ఉన్నప్పుడు బండి చక్కగా నడుస్తుంది. అరగంట తరువాత ఆగిపోతుంది. చెట్టు కింద కాసేపు ఉంచితే మళ్ళీ స్టార్ట్ అవుతుంది. వర్క్‌షాపుకు చేరేసరికి ఏ లోపమూ కనిపించదు. దీనికి ముఖ్యంగా నాలుగు కారణాలుంటాయి.

ఒకటి, పెట్రోలు గొట్టం వేడెక్కి లోపల ఆవిరి బుడగ ఏర్పడడం. రెండు, ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోవడం. పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి పంపు లాగలేకపోతుంది. మూడు, డెల్కోలోని కండెన్సర్ వేడికి పని మానేయడం. నాలుగు, కాయిల్ లోపలి చుట్టలు వేడికి తెగడం లేదా కలిసిపోవడం. నాలుగింటి లక్షణం ఒకటే, నాలుగూ చల్లబడితే తగ్గుతాయి. కనుక ఆగిన చోటే, ఆగిన ఐదు నిమిషాల లోపే పరీక్షించాలి.

ఇటీవల నేను చూసిన ఒక బండి సంగతి చెబుతాను. 1968 నాటి అంబాసిడర్. మనకు తెలిసిన ఒక కుటుంబంలో తాతగారు కొన్నది. మనవడు డిప్లొమా మొదటి సంవత్సరం చదువుతున్నాడు. సెల్ఫ్ నీరసం, వేడెక్కాక ఆగిపోవడం అనే రెండు ఫిర్యాదులతో బండిని ఒక వర్క్‌షాపుకు ఇచ్చారు. వాళ్ళు కొత్త బ్యాటరీ వేశారు, పెట్రోలు పంపు మార్చారు, కార్బొరేటర్ కిట్ వేశారు. బిల్లు 14,000 దాటింది. రెండు ఫిర్యాదులూ అలాగే ఉన్నాయి. ఆ డబ్బు అబ్బాయి ఫీజు కోసం దాచింది. గడువు దగ్గర పడింది. "ఇనుప సామాను ధరకు అమ్మేసి ఫీజు కట్టేస్తాను సార్, ఇక దీనితో నా వల్ల కాదు" అన్నాడు తండ్రి. ఇంట్లో తాతగారు ఆ రోజు అన్నం సరిగా తినలేదని కోడలు చెప్పింది.

అబ్బాయిని నోటు పుస్తకం తెమ్మన్నాను. నేను చెప్పడం, వాడు కొలిచి రాయడం.

మొదట సెల్ఫ్. కదలకుండా ఉన్నప్పుడు బ్యాటరీ 12.6. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ దగ్గర 10.8, సెల్ఫ్ మోటారు దగ్గర 8.6. అంటే 2.2 వోల్టులు దారిలో పోతున్నాయి. బ్యాటరీ ఎర్త్ మొనకూ ఇంజనుకూ మధ్య కొలిస్తే 1.9 వచ్చింది. మిగిలిన 0.3 పాజిటివ్ వైపు తీగలో, సొలినాయిడ్‌లో పోతోంది. అది సహజం. ఎర్త్ పట్టీ విప్పి చూస్తే దాని కింద మందంగా రంగు, తుప్పు. "చోక్ లాగితే చెయ్యి కాలేది, ఇందుకేనా సార్?" అన్నాడు అబ్బాయి. గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది బిగించాక అదే కొలత 0.2కు తగ్గింది. సెల్ఫ్ గిర్రున తిరిగింది. ఖర్చు లేదు.

తరువాత రెండో ఫిర్యాదు. బండిని మాంజ్రా లోయ వైపు తీసుకువెళ్ళి తిరిగి గట్టు ఎక్కిస్తుండగా సుమారు పాతిక నిమిషాలకు ఆగింది. రోడ్డు పక్కకు నెట్టి వెంటనే మొదలుపెట్టాం. ట్యాంకు మూత తెరిస్తే బుస్సుమని గాలి పీల్చిన శబ్దం లేదు. కనుక రంధ్రం మూసుకుపోలేదు. పెట్రోలు గొట్టం విప్పితే బుడగలు లేకుండా చిమ్మింది. కనుక ఆవిరి కాదు. గొట్టం బిగించి, చిందిన పెట్రోలు తుడిచి, ఆరేదాకా ఆగి, ప్లగ్గు పరీక్ష చేశాం. రవ్వ సన్నగా పసుపుగా ఉంది, కొన్నిసార్లు అసలు లేదు. కాయిల్ దగ్గర 12.1 వోల్టులు వస్తున్నాయి. డెల్కో మూత తీసి చూస్తే పాయింట్లు విడిపోయిన ప్రతిసారీ వాటి మధ్య తెల్లగా మెరుపు.

ఆ మెరుపే సాక్ష్యం. పాయింట్లు విడిపోయినప్పుడు కరెంటు ఒక్కసారిగా ఆగితేనే కాయిల్‌లో ఎక్కువ వోల్టేజి పుడుతుంది. ఆ క్షణంలో దూకబోయే కరెంటును కండెన్సర్ తనలోకి తీసుకుంటుంది. అది పని చేయకపోతే కరెంటు పాయింట్ల మధ్య మెరుపుగా దూకుతుంది, ప్లగ్గుకు చేరవలసిన శక్తి అక్కడే కాలిపోతుంది. పాత కండెన్సర్ విప్పి కొత్తది తగిలించగానే, ఇంజను ఇంకా వేడిగా ఉండగానే, నీలి రవ్వ వచ్చింది. పాతదాన్ని అలాగే ఉంచి పక్కన కొత్తది తగిలిస్తే చాలదు. పాతది లోపల తెగిపోయి ఉంటే ఆ పద్ధతి పనిచేస్తుంది, లోపల కలిసిపోయి ఉంటే పనిచేయదు. అందుకే పాతది విప్పాలి.

అక్కడితో ఆగకుండా మళ్ళీ పాతదే బిగించమన్నాను. రవ్వ పోయింది. కొత్తది పెట్టాం, వచ్చింది. ఇలా ముందుకూ వెనక్కూ చూస్తేనే లోపం ఖాయమైనట్టు. లేకపోతే ఈలోగా ఇంజను చల్లబడి బాగైందేమో అనే సందేహం మిగులుతుంది. కండెన్సర్, పాయింట్ల సెట్టు కలిపి నాలుగు వందల రూపాయల లోపే అయింది. కారు అమ్మలేదు. ఫీజు సంగతి ఉపకార వేతనంతోనూ, కొంత చేబదులుతోనూ గట్టెక్కింది. పోయిన 14,000 మాత్రం తిరిగి రాలేదు.

7. చార్జింగు సంగతి

పాత బండ్లలో ఆల్టర్నేటర్ బదులు డైనమో, దానికి కటౌట్ అనే రెగ్యులేటర్ పెట్టె ఉంటాయి. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో సరిగా చార్జి చేయదు. ఐడిల్‌లో ఎర్ర దీపం మసకగా వెలిగి, రేసు ఇస్తే ఆరిపోవడం లోపం కాదు. ఓ మోస్తరు వేగంలో బ్యాటరీ దగ్గర 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటే బాగున్నట్టు. 12.6 దాటకపోతే ముందు ఫ్యాన్ బెల్టు బిగువు, తరువాత డైనమో బ్రష్షులు, చివర కటౌట్ చూడండి. 15 దాటితే బ్యాటరీ నీళ్ళు త్వరగా ఇంకిపోతాయి, బల్బులు కాలిపోతాయి. నీళ్ళు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి.

ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే లావు తీగ చుట్టవద్దు. బండి తగలబడడానికి అదే దారి. పాత వైర్లకు గుడ్డ, రబ్బరు తొడుగులుంటాయి. అవి ఎండి రాలిపోతే ఆ వైరు మార్చడమే క్షేమం.

8. కొత్త పెట్రోలు, పాత ఇంజను

2000లో మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. గాలికి అది మేలు చేసింది. పాత ఇంజన్లలో మెత్తని వాల్వు సీట్లను సీసం కొంత కాపాడేది. కాబట్టి పాత హెడ్డు పనికి ఇచ్చినప్పుడు గట్టి సీట్లు వేయించడం మంచిది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరు గొట్టాలను, డయాఫ్రమ్‌ను మెత్తబరుస్తుంది. నెలల తరబడి నిలిపిన బండి ట్యాంకులో తుప్పు పట్టవచ్చు. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు వేయించండి. పెట్రోలు వాసన వస్తే ఆ రోజే కారణం చూడండి.

9. అమ్మాలా, ఉంచుకోవాలా?

2021లో కేంద్ర ప్రభుత్వం పాత వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటిన, రూపురేఖల్లో పెద్ద మార్పులు చేయని సొంత వాహనాన్ని వింటేజ్ వాహనంగా నమోదు చేయించవచ్చు. నంబరులో "వి.ఏ." అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకు 20,000, పునర్నమోదుకు 5,000 రూపాయలుగా రుసుము నిర్ణయించారు. అలాంటి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు కోసం, మరమ్మతు కోసం మాత్రమే రోడ్డెక్కించాలి. రోజువారీ వాడకానికీ, బాడుగకూ వీలులేదు. కాగితాలు సరిగా లేకుంటే ముందు ఆర్.టి.ఓ. కార్యాలయంలో విచారించి, ఆ తరువాతే మరమ్మతుకు డబ్బు పెట్టండి.

10. తల్లిదండ్రులకు, విద్యార్థులకు నాలుగు మాటలు

తల్లిదండ్రులు ఏ వర్క్‌షాపులోనైనా మర్యాదగా మూడు ప్రశ్నలు అడగండి. ఈ భాగం పోయిందని ఏ పరీక్షతో తెలిసింది? కొలత ఎంత వచ్చింది? మార్చిన పాత భాగం ఇస్తారా? మంచి మిస్త్రీ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు, సంతోషంగా చూపిస్తాడు. పనిమంతుడికి ఇవ్వవలసిన కూలి మాత్రం బేరమాడకుండా ఇవ్వండి. కొలవడానికి పట్టిన గంట కూడా పనే.

విద్యార్థులు నోటు పుస్తకంలో ఐదు విషయాలు రాసే అలవాటు చేసుకోండి: లోపం ఏమిటి, ఎప్పుడు వస్తుంది, దానికి ముందు ఎవరు ఏం ముట్టుకున్నారు, ఏం కొలిచాం, ఏం తేలింది. ఒకసారికి ఒకే మార్పు చేయండి. రెండు కలిపి మారిస్తే ఏది బాగుచేసిందో తెలియదు.

పదవ తరగతి తరువాత ఐ.టి.ఐ.లో మెకానిక్ మోటార్ వెహికల్, ఎలక్ట్రీషియన్ ట్రేడులు రెండేళ్ళవి. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్ళు, దాని తరువాత ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరే వీలుంది. మన జిల్లా పిల్లలు 371(జె) కింద స్థానిక అర్హతా పత్రం ముందుగానే తీసుకోండి, సీటు వచ్చే సమయానికి పరుగులు పెట్టనక్కర్లేదు. పక్కనే జహీరాబాద్‌లో ట్రాక్టర్ల కర్మాగారం ఉంది. విద్యుత్ వాహనాలు వచ్చాక ఈ చదువు పాతబడుతుందని భయపడవద్దు. కార్బొరేటర్ పోయినా ఎర్త్, జాయింటు, వోల్టేజి ఎక్కడికీ పోవు. అయితే విద్యుత్ కార్ల బ్యాటరీలో వందల వోల్టులుంటాయి. తగిన శిక్షణ లేకుండా వాటిని ముట్టుకోకూడదు.

మన బీదర్‌లో బిద్రీ పని చేసే కళాకారులు కోట మట్టిని నాలుక మీద పెట్టి రుచి చూసి ఎంచుకుంటారు. మట్టి సరైనది కాకపోతే లోహానికి ఆ నలుపు రాదు. ముందు పరీక్ష, తరువాత పని అనే పద్ధతి ఈ ఊరికి కొత్త కాదు. మీ ఇంట్లో పాత బండి ఉంటే ఈ సెలవుల్లో పెద్దల అనుమతితో బానెట్ ఎత్తండి. కారు లేకపోతే పొలంలో పంపు సెట్టు స్టార్టర్ దగ్గర తెలిసిన ఎలక్ట్రీషియన్ పక్కన నిలబడి, అతను ఏ వరుసలో కొలుస్తాడో చూసి రాసుకోండి.